పోతనాళ మిషను పాఠశాల: కాలువ వెంట వచ్చిన తెలుగు

కృష్ణా తుంగభద్రల నడిమి రాయచూరు సీమకు క్రైస్తవము క్రొత్తది కాదు. ముద్గల్లులోని దేవాలయము 1557లో నిర్మితమైనదని ప్రతీతి. అయినను మాన్వి సింధనూరుల నడుమనున్న పోతనాళలోని కాథలికు మిషను పాఠశాల చరిత్రమునకు మూలము వెదకవలసినది కాలువ నీటియందే.

తుంగభద్ర ఆనకట్ట పని 1945లో ఆరంభమయ్యెను. 1953లో నీరు కాలువలకు వచ్చెను. జొన్నచేలు క్రమముగా వరిమళ్లయ్యెను. వరిసేద్యమెఱిగిన కోస్తా రైతులు తరలివచ్చి భూములు కొని ఊళ్లు కట్టిరి. ఆ ఊళ్లను నేటికిని ‘క్యాంపు’లనియే పిలుతురు. వచ్చినవారిలో క్రైస్తవులును కలరు.

రాయచూరు జిల్లా, 1949లో ఏర్పడిన బళ్లారి మేత్రాసనములోనిది. నిజాము కాలమున ఇచ్చటి రాజభాష ఉర్దూ; 1956 నవంబరు 1న జిల్లా మైసూరు రాష్ట్రమున చేరగా కన్నడము పాలనాభాషయయ్యెను. వలసవచ్చినవారి బిడ్డలకు ఇంట తెలుగు, బడిలో కన్నడము అలవడెను. కన్నడము వారికి బ్రతుకుతెరువు చూపినది, ఇరుగుపొరుగును కలిపినది. కాని లిపి నేర్వని తెలుగు మాటగా మాత్రమే మిగులును.

ఈ మార్పునకు సాక్ష్యము శాసనములలో దొరకదు. బడి ప్రవేశపట్టికలో మాతృభాష యను గడియొకటి యుండును. విచారణ గుడిలోని జ్ఞానస్నానపు పుస్తకమున తల్లిదండ్రుల పేళ్లుండును. ఈ రెంటిని కలిపి చదివినచో ఒక వలస చరిత్రము తేటపడును. చెదలు పట్టకమునుపే ఇట్టి పుస్తకములను భద్రపఱచుట తెలుగు సంఘముల కర్తవ్యము.