విదురుడి తలమీద గాంధీ టోపీ

1921లో బొంబాయి కోహినూర్ సంస్థ తీసిన మూకీ చిత్రం ‘భక్త విదుర్’. దర్శకుడు కాంజీభాయ్ రాథోడ్. కథ మహాభారతానిదే. కానీ తెరమీద విదురుడు ఖద్దరు కట్టి, గాంధీ టోపీ పెట్టుకొని కనిపించాడు. ఆ వేషం వేసింది సంస్థ యజమాని ద్వారకాదాస్ సంపత్.

రౌలట్ చట్టం మీద దేశం మండిపడుతున్న కాలమది. ఆ విదురుడెవరో జనానికి ఇట్టే తెలిసిపోయింది. దొరలకూ తెలిసింది.

1918 సినిమా చట్టం ప్రకారం బొంబాయి, మద్రాసు, కలకత్తా, రంగూన్‌లలో వేర్వేరు సెన్సారు బోర్డులుండేవి. ఒకచోట ఇచ్చిన సర్టిఫికెట్‌ను మరో రాష్ట్రం తన పరిధిలో రద్దు చేయొచ్చు. అలా బొంబాయి చూసిన బొమ్మను మద్రాసులో నిషేధించారు. కరాచీలోనూ నిషేధం పడింది. కోస్తా, రాయలసీమ అప్పుడు మద్రాసు ఏలుబడిలోనివే. పురాణ కథకే సర్కారు అంతలా జడిసిందంటే, ఆ టోపీ ఎంత బలమైనదో!

దేశమంతటికీ ఒకే బోర్డు 1951లో గానీ రాలేదు.