ఒకే సీసాలో మూడు నాలుగు మందులు

పడిశము పట్టినప్పుడు మన యిండ్లలో ముందుగా వెదకు సీసా ఒకటి ఉండును. దానిలో ఉన్నది తరచు ఒక మందు కాదు, మూడు నాలుగు మందుల కలయిక. ఈ కలయిక తగినదా, కాదా అని తూచి చూచిన చరిత్రలో మన వరంగల్లుకును పాలు కలదు.

సరిపడని పదార్థము సోకినప్పుడు శరీరములోని కొన్ని కణములనుండి హిస్టమిన్ వెలువడును. తుమ్ములు, ముక్కు కారుట, దద్దుర్లు దాని పనులే. దానిని అడ్డగించు పదార్థమును 1937లో పారిస్ నగరమందలి పాశ్చర్ సంస్థలో డేనియల్ బోవే, ఆన్ మారీ స్టౌబ్ కనుగొనిరి. రోగులకు వాడదగిన మందులు మరికొన్ని యేండ్లకు వచ్చినవి. 1957లో బోవేకు నోబెల్ బహుమానము లభించినది.

తొలితరపు యాంటీహిస్టమిన్ ముక్కు కారుటను తగ్గించును. నిద్రమత్తును కూడ తెచ్చును. దానికి ముక్కుదిబ్బడ మందును, జ్వరపు మందును జోడించుటలో కొంత అర్థమున్నది. కాని కఫమును పలుచన చేయు మందును, ఆరబెట్టు మందును ఒకే చెంచాలో పోసినచో, ఒకటి త్రవ్విన గోతిని మరియొకటి పూడ్చినట్లగును. కొడీన్ చేర్చినచో మత్తుకు అలవాటుపడు ప్రమాదమును కలదు.

ఇట్టి మిశ్రమములనేకము కేంద్రాధికారి అనుమతి లేకయే, రాష్ట్రముల లైసెన్సులతో అంగళ్లకు చేరినవి. వానిని పరిశీలింప 2014లో ఏర్పడిన సంఘమునకు అధ్యక్షులు ఆచార్య చంద్రకాంత్ కొకాటే. వీరు మన కాకతీయ విశ్వవిద్యాలయములో ఔషధశాస్త్రమును బోధించి, ఉపకులపతిగా పనిచేసినవారు. ఆ సంఘము సిఫారసుపై 2016 మార్చి 10న ప్రభుత్వము 344 మిశ్రమములను నిషేధించినది. వీనిలో యాంటీహిస్టమిన్ కలిసిన దగ్గు, పడిశముల మందులనేకము. కంపెనీలు కోర్టుకెక్కగా, ఆ యేడు డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు నిషేధమును కొట్టివేసినది. 2017లో సుప్రీంకోర్టు పునఃపరిశీలనకు ఆదేశించినది. 2018 సెప్టెంబరులో 328 మిశ్రమములు మరల నిషేధింపబడినవి. కొడీన్, క్లోర్‌ఫెనిరమిన్ కలిసిన సిరప్‌పై నిషేధ ప్రకటన 2023 జూన్‌లో వెలువడినది.

ఆ యేటి డిసెంబరులోనే క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన చుక్కల మందును నాలుగేండ్లలోపు పిల్లలకు వాడరాదని సీసాపై ముద్రింపవలెనని ఉత్తరువైనది. కాని ఆ అక్షరములు చదువనివారి చేతిలో ఉత్తరువు వ్యర్థము. పడిశపు మందులోను, జ్వరపు మందులోను పారాసెటమాల్ ఉండవచ్చును. తెలియక రెండును పోసినచో పసిబిడ్డకు మోతాదు మించును. కనుక మేము తల్లిదండ్రులను కోరునది ఒక్కటే: మూత తీయుటకు ముందు చీటీ చదువుడు, తెలియనిచో వైద్యుని అడుగుడు.