క్రెడిట్ నోటు రాని మాత్రలు: ఔషధ వ్యర్థాలపై చిల్లర వర్తకుల అవగాహన

కాలం చెల్లిన మందులను ఏం చేస్తారని మెడికల్ షాపులో అడిగితే తడుముకోకుండా వచ్చే జవాబు ఒకటుంది: "స్టాకిస్టుకు రిటర్న్ ఇచ్చేస్తామండీ." అవగాహన సర్వేల్లో ఈ జవాబుకు పూర్తి మార్కులు పడతాయి. నాకు మాత్రం అక్కడే అనుమానం మొదలవుతుంది. వర్తకుడి పరిజ్ఞానం రిటర్నుల లెక్క చుట్టూ అల్లుకుని ఉంటుంది. ఏ మందుకు క్రెడిట్ నోటు వస్తుందో, ఏ నెలలోపు పంపాలో అతనికి కంఠతా వచ్చు. ఆ లెక్క తెగిన చోట తెలివిడి కూడా తెగిపోతుంది.

చట్టం కూడా ఈ అలవాటుకు తగ్గట్టే ఉంది. 1945 నాటి ఔషధ నియమావళిలోని 65(17) నియమం గడువు తీరిన మందు అమ్మకూడదంటుంది. కంపెనీకి తిప్పి పంపే ఏర్పాటు జరిగేదాకా దాన్ని విడిగా, పైన "నాట్ ఫర్ సేల్" అని కనబడేలా రాసిన పెట్టెలో ఉంచవచ్చంటుంది. తనిఖీకి వచ్చే అధికారి చూసేది ఆ పెట్టెనే కాబట్టి, ఈ నియమం తెలియని దుకాణదారు అరుదు. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నియమాలు కాలం చెల్లిన మందులను పసుపు వర్గంలో చేర్చాయి. కంపెనీకి పంపాలి, లేదా భస్మీకరణ యంత్రంలో కాల్చాలి. క్యాన్సర్ కణనాశక మందులకైతే 1200 డిగ్రీల పైన వేడి ఉండాలి. కానీ ఆ నియమాలు పేరుపెట్టి చెప్పిన జాబితాలో ఆసుపత్రులు, క్లినిక్కులు, ల్యాబులు, రక్తనిధులు, చివరికి బడిలోని ప్రథమ చికిత్స గది కూడా ఉన్నాయి. మందుల దుకాణం పేరు లేదు.

ఇక పెట్టెలోకి ఎక్కని సరుకు సంగతి. పది మాత్రల స్ట్రిప్పులో నాలుగు చాలంటాడు రోగి. కత్తెర పడుతుంది. బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉన్న కొస అతనితో వెళ్లిపోతే, అల్యూమినియం రేకు మీద సగం తెగిన పేరుతో ఆరు మాత్రలు డ్రాయరులో మిగులుతాయి. వాటి గడువు ఎప్పుడో చెప్పలేం. ఇలాంటి కట్ స్ట్రిప్పును వెనక్కి తీసుకోవడానికి స్టాకిస్టులు సాధారణంగా ఒప్పుకోరు. పగిలిన సిరప్ సీసా, కరెంటు పోయి ఫ్రిజ్‌లో చెడిన ఇన్సులిన్, చనిపోయిన మనిషి మందులు మిగిలాయని ఇంటివాళ్లు తెచ్చిచ్చిన సంచి కూడా ఈ కోవలోవే. వీటి దారి చెత్త బండి, మోరీ, లేదా దుకాణం వెనక మంట. స్ట్రిప్పు ప్లాస్టిక్‌లో తరచుగా ఉండే పీవీసీని ఆరుబయట కాలిస్తే డయాక్సిన్లు పుడతాయని గాని, ఇన్‌హేలర్ డబ్బా మంటలో పేలుతుందని గాని వర్తకుడికి ఎవరు చెప్పారు?

యాంటీబయాటిక్ నీళ్లలో కలిస్తే ఏమవుతుందో తెలుగునాట వేరే చెప్పనక్కర్లేదు. పటాన్‌చెరు దగ్గర ఔషధ పరిశ్రమల వ్యర్థజలాలను శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికి వచ్చిన నీటిలో, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించారు. అది కర్మాగారాల పాపం; దుకాణాల వాటా దానితో పోల్చదగింది కాదు. అయినా ఆ సిప్రోఫ్లాక్సాసినే ప్రతి వీధి కౌంటరు మీదా ఉంది, అక్కడి మోరీకి శుద్ధి కేంద్రం ఉంటుందన్న హామీ లేదు.

కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థ 2025లో విడుదల చేసిన మార్గదర్శకాలు, మందులను నీళ్లలో వదలకూడదన్న సూత్రం నుంచి 17 మందులకు మాత్రం మినహాయింపు ఇచ్చాయి. ఫెంటానిల్, ట్రమడాల్ వంటివి ఇంట్లో మిగిలితే పొరపాటున వేసుకున్నవాళ్ల ప్రాణానికే ముప్పు గనుక, వాటిని టాయిలెట్లో ఫ్లష్ చేయమన్నాయి. మిగతా వాటికి ఆ దారి తగదు. ఈ తేడా రోగికి విడమరిచి చెప్పగలిగేది కౌంటరు దగ్గరి ఫార్మసిస్టే.

అందుకని సర్వే ప్రశ్న మారాలి. "నియమాలు తెలుసా?" అని అడిగే బదులు డ్రాయరు తెరిచి, తేదీ లేని ముక్కలు ఎన్నున్నాయో లెక్కపెట్టాలి, అవి కిందటి నెల ఎటు వెళ్లాయో అడగాలి. తెలియకపోవడాన్ని వర్తకుడి తప్పుగా రాసుకోవడం నాకు న్యాయంగా తోచదు. వ్యర్థాల వ్యాను పక్కనున్న నర్సింగ్ హోం ముందు రోజూ ఆగుతూనే ఉంది. అది మెడికల్ షాపు దగ్గర వారానికొకసారి ఆగాలంటే నియమాల్లో ఆ పేరు చేరాలి, కట్ స్ట్రిప్పుల ఖర్చు మందు తయారుచేసిన కంపెనీ భరించాలి.