కొమ్మ ఒకటైనా ఉంచావా?

మా ఇంటికొచ్చిన ఆడవాళ్ళు కాఫీ తాగాక ఒకసారి పెరట్లోకి వెళ్ళి చూసి వస్తారు. నూతి పక్కన నా తల ఎత్తు దాటి పెరిగిన గులాబీ చెట్టు దగ్గర ఆగి, "ఇదేం రకమండీ, ఇంత వాసనేంటి!" అంటారు. మొన్న పాపికొండలు చూడ్డానికి వచ్చిన మా అమ్మాయి స్నేహితురాలు కూడా అదే అడిగింది. "నాటు గులాబీ అమ్మా" అన్నాను. "నాటు అంటే మన దేశానిదేనా ఆంటీ?" అంది.

ఆ ప్రశ్నకి సరైన జవాబు చెప్పాలంటే రెండు వందల ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి. మధ్యలో నేను చేసిన తప్పు ఒకటి ఒప్పుకోవాలి. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

నేను పెళ్ళయి పట్టిసీమ వచ్చింది 1994లో. అప్పటికే ఆ గులాబీ ఉంది. మా అత్తగారు దానికి ప్రత్యేకంగా చేసిందేమీ లేదు. బియ్యం కడిగిన నీళ్ళు, నూతి దగ్గర పారే నీళ్ళు, ఏడాదికోసారి రెండు తట్టల పశువుల ఎరువు. అంతే. గుత్తులుగా పూసేది. పువ్వు పెద్దదేం కాదు, అరచేతిలో సగం ఉంటుంది. లేత గులాబీ రంగు. పొద్దున్న కోస్తే సాయంత్రానికి రేకలు రాలిపోతాయి. శివరాత్రికి పడవెక్కి గోదావరి మధ్య కొండ మీది వీరభద్రస్వామి గుడికి వెళ్ళేటప్పుడు స్వామికి మారేడు దళాలు, భద్రకాళి అమ్మవారికి ఈ గులాబీలు అరిటాకులో చుట్టి తీసుకెళ్ళేవారు మా అత్తగారు.

నా కంటికి మాత్రం ఆ చెట్టు ఆనలేదు. నాకు కావలసినవి క్యాలెండర్లో ఉండేలాంటి గులాబీలు. రాజమండ్రి వెళ్ళినప్పుడల్లా కడియపులంక దాకా పోయి నర్సరీల్లో అంటు మొక్కలు తెచ్చుకునేదాన్ని. అలా ఇరవై ఏళ్ళలో చాలా రకాలు పెంచాను. నా అనుభవంలో ఏది ఎలా ఉందో చెప్తాను.

గ్లాడియేటర్ 1955లో అమెరికాలో వచ్చిన రకం. ముదురు రంగు, పొడుగు కాడ. పూలసీసాలో పెట్టుకోవడానికి దీన్ని మించింది లేదు. క్వీన్ ఎలిజబెత్ 1954 నాటిది, అదీ అమెరికాదే. వాసన తక్కువ గానీ పొడుగ్గా పెరిగి, విసుగు లేకుండా పూస్తుంది. కొత్తగా మొదలుపెట్టే వాళ్ళకి ఇదే మంచిది. సూపర్ స్టార్ 1960లో జర్మనీలో పుట్టింది. ఆ నారింజ రంగు చూస్తే కళ్ళు చెదురుతాయి, కానీ మా ఇంట్లో రెండు వేసవులు దాటలేదు. డబుల్ డిలైట్ 1977 నాటిది. మీగడ రంగు పువ్వుకి అంచులు ఎర్రగా ఉంటాయి, ఎండ తగిలే కొద్దీ ఎరుపు లోపలికి పాకుతుంది. వాసన అద్భుతం. వానాకాలం వస్తే ఆకుల మీద నల్లమచ్చలు, ఆ తర్వాత ఉత్త కొమ్మలు. పీస్ అని ఇంకోటి ఉంది, పసుపు పువ్వుకి గులాబీ అంచు. మన ఎండకి ఆ పసుపు వెలిసిపోతుంది. చలికాలంలో పూసిన పువ్వే దాని అసలు పువ్వు.

ఇవన్నీ ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి, పోయాయి. నూతి పక్కన చెట్టు మాత్రం అలాగే ఉంది.

2016లో ఇల్లు పెంచుకున్నాం. నూతి చుట్టూ గచ్చు చేయిస్తుంటే ఆ చెట్టు అడ్డొచ్చింది. మేస్త్రి అడిగితే "తీసెయ్యండి" అన్నాను. ఎవరూ చెప్పలేదు, నేనే అన్నాను. మా అత్తగారు అప్పుడు మా ఆడపడుచు ఇంట్లో ఉన్నారు. వారం తర్వాత వచ్చారు. కాళ్ళు కడుక్కోవడానికి నూతి దగ్గరికెళ్ళి, కాసేపు అక్కడే నిలబడి, లోపలికొచ్చారు. కోప్పడలేదు. ఒక్క మాటే అడిగారు. "కొమ్మ ఒకటైనా ఉంచావా అమ్మాయ్?"

ఉంచలేదు. ఆ ఆలోచనే రాలేదు నాకు.

ఆవిడ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేది. నాకే ఉండబట్టక కడియం వెళ్ళాను. "నాటు గులాబీ కావాలండీ" అంటే, "ఆయ్, ఇదిగోనండీ" అని ఒకాయన బటన్ రోజ్ చూపించారు. ఇంకోచోట ఎర్ర గులాబీ చూపించారు. అప్పుడు తెలిసింది, ఇరవై రెండేళ్ళు చూసిన చెట్టుకి నాకు పేరు తెలియదని. పేరు తెలియని దాన్ని ఏమని అడుగుతాం? మూడుసార్లు తిరిగి ఊరుకున్నాను.

చివరికి అది దొరికింది మా వీధి చివర. 2019 చలికాలంలో మాకు పాలు పోసే ఆవిడకి ఒంట్లో బాగాలేదంటే చూడ్డానికి వెళ్ళాను. వాకిట్లో అడుగుపెట్టగానే ఆ వాసన. "ఇదెక్కడిదమ్మా?" అంటే ఆవిడ నన్ను వింతగా చూసింది. "మీ అత్తగారు ఇచ్చిందే కదండీ. మా పెద్దాడు పుట్టినప్పుడు బాలింత చూపుకొచ్చి, కొమ్మ గుచ్చి వెళ్ళారు" అంది.

గచ్చు ఒక మూల పగలగొట్టించి, అక్కడే మళ్ళీ పెట్టాం. మా అత్తగారు కుర్చీ వేయించుకుని కూర్చుని మట్టి ఎంత వరకు కప్పాలో చెప్పారు.

పువ్వు పూశాక నాలుగు పువ్వులు కొమ్మతో సహా కడియపులంక పట్టుకెళ్ళాను. ఒక పెద్దాయన చూడగానే, "ఎడ్వర్డ్ అండీ ఇది. ఇదివరకు దీని వేరు మీదే అంట్లు కట్టేవోళ్ళం" అన్నారు. నాకు నోట మాట రాలేదు. నర్సరీలో కొనే గులాబీ నిజానికి రెండు మొక్కలు. కింద గట్టి వేరున్న ఒక మొక్క, దాని మీద అతికించిన ఇంకో రకం కన్ను. పైదానికి పేరు, ధర, చీటీ ఉంటాయి. కిందదానికి ఏమీ ఉండదు. మన దేశంలో ఆ కింది మొక్కగా ఎక్కువగా వాడిన వాటిలో ఈ ఎడ్వర్డ్ ఒకటి. అంటే నేను తెచ్చుకున్న షోకు గులాబీల్లో ఎన్నో మా అత్తగారి చెట్టు కాళ్ళ మీదే నిలబడి ఉండొచ్చు.

ఎడ్వర్డ్ అంటే ఇంగ్లండు రాజు పేరేమో అనుకున్నాను. చదివితే వేరే కథ తెలిసింది.

ముందు మన మాట సంగతి చూడండి. గులాబీ పారసీ నుంచి వచ్చింది. గుల్ అంటే పువ్వు, ఆబ్ అంటే నీరు. అంటే గులాబ్ అన్నది మొదట పువ్వు పేరు కాదు, మనం పెళ్ళిళ్ళలో చల్లే పన్నీరు పేరు. ఆ పన్నీటి మీద తేలే నూనెని తీసి అత్తరు కనిపెట్టింది నూర్జహాన్ అని అందరం చెప్పుకుంటాం. జహంగీరు చక్రవర్తి తన స్వీయచరిత్రలో రాసుకున్నది మాత్రం నూర్జహాన్ తల్లి అస్మత్ బేగం పేరు. కూతురు పేరు ముందు తల్లి పేరు మరుగున పడిపోయింది.

ఆ పన్నీరు తీసే గులాబీ డమాస్క్ జాతిది. వాసన ఉంటుంది గానీ ఆ పాత గులాబీలు చాలావరకు ఏడాదికి ఒక్కసారే పూసేవి. చైనా గులాబీలు వేరు. వాసన తక్కువ, కానీ ఏడాది పొడుగునా పూస్తాయి. 1790లలో అవి ఓడలెక్కి యూరప్ చేరాయి. ఆ ఓడల దారిలో కలకత్తా మజిలీ. అక్కడ ఈస్టిండియా కంపెనీ వాళ్ళ వృక్షశాస్త్ర తోట ఉండేది. 1793లో దాని బాధ్యత తీసుకున్న విలియం రాక్స్‌బర్గ్, అంతకుముందు మన సామర్లకోటలో తోట పెంచిన మనిషి.

ఈ రెండు జాతులూ కలిసింది హిందూ మహాసముద్రంలో, మడగాస్కర్ దగ్గరున్న రీయూనియన్ దీవిలో. అప్పట్లో దాని పేరు బూర్బన్, ఫ్రెంచి వాళ్ళ కింద ఉండేది. అక్కడి రైతులు పొలాలకి గులాబీలతో కంచె కట్టేవారు. ఒక వరస డమాస్క్, ఒక వరస చైనా. ఎవరూ పని పెట్టుకుని కలపకుండానే ఆ కంచెలో కొత్త మొక్క పుట్టింది. తల్లి వాసన, తండ్రి పూత రెండూ వచ్చాయి దానికి. ఆ దీవి వాళ్ళు దాన్ని ఎడ్వర్డ్ గులాబీ అన్నారు. 1817లో అక్కడికి వచ్చిన బ్రెయాన్ అనే ఫ్రెంచి తోటల అధికారి దాన్ని గమనించి ఫ్రాన్సుకి పంపాడు. బూర్బన్ గులాబీలు అనే వంశమంతా అక్కడి నుంచే. మన దేశంలోనూ అది స్థిరపడిపోయింది.

ఇంకో సంగతి. 1820ల చివర్లో మన గోదావరి జిల్లాల మధ్యనున్న యానాం నుంచి తెలుగు కూలీల్ని ఓడల్లో ఆ దీవికే తీసుకెళ్ళారు. ఈ గులాబీ వాళ్ళతో వచ్చిందని నేననడం లేదు. కానీ చెరుకు తోటలకి నడిచి వెళ్తూ మనవాళ్ళు ఆ కంచెల పక్కన ఒక్క క్షణమైనా ఆగి ఉంటారని నాకనిపిస్తుంది.

గులాబీని గింజ వేసి పెంచితే తల్లిలాంటి పువ్వు రాదు. అదే పువ్వు కావాలంటే అదే చెట్టు కొమ్మ కావాలి, లేదా కన్ను కావాలి. అంటే ప్రపంచంలో ఒక రకం గులాబీ మొక్కలన్నీ ఒకే చెట్టు ముక్కలు. ఎవరో ఒకరు కోసి ఇంకొకరికి ఇస్తేనే అది ఉంటుంది. ఇచ్చేవాళ్ళు లేకపోతే ఆ రకమే ఉండదు.

ఇందాక చెప్పిన పీస్ గులాబీ అలా మిగిలిందే. ఫ్రాన్సులో ఫ్రాన్సిస్ మెయాన్ అనే ఆయన 1935లో మొదలుపెట్టి దాన్ని తయారుచేశాడు. లోకానికి చూపించే లోపల యుద్ధం వచ్చింది. తన దగ్గరే ఉంచుకుంటే పోతుందని, ఆ కొమ్మల్ని జర్మనీకి, ఇటలీకి, అమెరికాకి పంపించాడు. అమెరికాకి వెళ్ళిన పొట్లాన్ని అక్కడి దౌత్యాధికారి ఒకరు తనతో పట్టుకెళ్ళారు. ఆ ఏళ్ళలో ఏ దేశంలో ఏమైందో ఒకరికొకరికి తెలియదు. 1945లో అమెరికా వాళ్ళు దానికి పీస్, అంటే శాంతి అని పేరు పెట్టారు. ఐక్యరాజ్యసమితి కోసం శాన్ ఫ్రాన్సిస్కోలో చేరిన ప్రతినిధులకి ఒక్కో పువ్వు ఇచ్చారు.

ఫ్రాన్సులో దాని పేరు మేడం ఆంత్వాన్ మెయాన్. తల్లి జ్ఞాపకంగా కొడుకు పెట్టిన పేరు. కానీ ఆంత్వాన్ అన్నది తండ్రి పేరు. ఆవిడ సొంత పేరు క్లాడియా. ఆవిడ కూడా గులాబీలు పెంచే ఇంటి ఆడపిల్లే. ఫలానా వారి భార్య, ఫలానా వారి కోడలు అని పిలిపించుకునే మనకి ఇది కొత్తేం కాదు కదండీ.

మన దగ్గర మాత్రం ఒకావిడ పేరు పువ్వుకి నేరుగా దక్కింది. ఆంధ్రప్రదేశ్‌లో ఐ.ఏ.ఎస్. అధికారిగా పనిచేసిన ఎం.ఎస్. వీరరాఘవన్ 1980లో ఉద్యోగం వదిలేసి, భార్య గిరిజగారితో కలిసి కొడైకెనాల్‌లో గులాబీల మీదే పనిచేశారు. వేడి దేశాలకి తగిన గులాబీ కావాలని వాళ్ళ పట్టుదల. దానికోసం బెంగాల్ పల్లపు నేలల్లో, వానాకాలంలో నీట మునిగినా బతికే క్లైనోఫిల్లా అనే అడవి గులాబీని కూడా వాడారు. వృక్ష శాస్త్రవేత్త ఇ.కె. జానకి అమ్మాళ్ పేరుతో ఒక గులాబీని 2019లో లోకానికిచ్చింది కూడా ఈ దంపతులే. ఆవిడ కోయంబత్తూరులో చెరుకు మీద పరిశోధన చేసిన మనిషి. భర్త పేరుతో కాదు, తన పేరుతోనే పువ్వులో ఉన్నారు.

నీట మునగడం అంటే మాకు తెలుసు. 1986 ఆగస్టు వరద గురించి మా అత్తగారు ఇప్పటికీ చెప్తారు. నీళ్ళు తీశాక పెరడంతా ఒండ్రు, నూతి పక్కన చెట్టు కుళ్ళిపోయింది. తాళ్ళపూడిలో ఉన్న ఆవిడ ఆడపడుచుకి అంతకు రెండేళ్ళ ముందు కొమ్మ ఇచ్చారట. అక్కడి నుంచే మళ్ళీ తెచ్చుకున్నారు. అప్పటి నుంచి పేరంటానికి వచ్చినవాళ్ళకీ, బాలింత చూపుకెళ్ళిన ఇంట్లోనూ కొమ్మ ఇవ్వడం అలవాటు చేసుకున్నారు. మెయాన్ పేరు ఆవిడ విని ఉండరు. ఇద్దరికీ తెలిసింది ఒకటే. దాచుకుంటే పోతుంది, పంచితే ఎక్కడో అక్కడ ఉంటుంది.

మీరూ పెట్టుకోవాలంటే చెప్తాను. వానలు తగ్గాక పెన్సిలు లావు కొమ్మ ఏడెనిమిది అంగుళాలు తీసుకోండి. కింద కణుపు దగ్గర ఏటవాలుగా కోయండి. పైన ఒకటి రెండు ఆకులుంచి మిగతావి తీసెయ్యండి. రెండు కణుపులు మట్టిలోకి వెళ్ళేలా గుచ్చి, నీడన పెట్టి, తడి ఆరకుండా చూడండి. నెలా నెలన్నరలో వేరు పడుతుంది. పడిందా అని మధ్యలో పీకి చూడకండి, నేను అలాగే రెండు చంపాను. అంటు మొక్క అయితే అతుకు కిందనుంచి వచ్చే పిలకని తీసేయాలి. తీసే ముందు అదేమిటో ఒకసారి చూడండి.

ఆ అమ్మాయి ప్రశ్నకి అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. పన్నీరు గులాబీకీ చైనా గులాబీకీ, ఫ్రెంచి వాళ్ళ దీవిలో పుట్టిన బిడ్డ ఇది. పేరు ఎడ్వర్డ్. మన దేశానిది కాదు. కానీ నాటు గులాబీ అంటే నాటిన గులాబీ అనే నా లెక్క. ఎవరింట్లో నాటితే వాళ్ళదే.

ఆ పిల్ల వెళ్ళేటప్పుడు మా అత్తగారు తడిగుడ్డలో చుట్టి రెండు కొమ్మలిచ్చారు. హైదరాబాదులో ఐదో అంతస్తు అట, కుండీలో పెట్టింది. ఒకటి చిగురేసిందని నిన్న ఫోటో పంపింది. మీ ఇంట్లో గులాబీ ఎవరిచ్చిందో మీరూ చెప్పండి.