ఉప్పుగాలి, జింకు పూత, విరిగే బోల్టు

శ్రీకాకుళం జిల్లా నౌపడ ఉప్పు మళ్ల మీదుగా వీచే గాలికి ఇనుము ఎంతోకాలం ఆగదు. 1890లలో కలకత్తా–మద్రాసు రైలుమార్గం ఈ తీరం వెంట వేసినప్పుడు, 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడికి చిన్నరైలు నడిచినప్పుడు, ఆ కాలపు ఇనుప కట్టడాలు రివెట్లతో, మెత్తని బోల్టులతో నిలిచేవి. బరువు మించితే అవి సాగేవి, వంగేవి. ప్రమాదం ముందే కంటికి కనబడేది.

గట్టి ఉక్కుతో చేసే హైటెన్సిల్ బోల్టు అలా కాదు, చెప్పకుండా విరగొచ్చు. దీని మూలం 1875లోనే బయటపడింది. కాసేపు ఆసిడ్‌లో ముంచిన ఇనుప తీగ పెళుసుబారుతోందనీ, విరిచి తడిపితే ఆ విరుపులోంచి బుడగలు వస్తున్నాయనీ విలియం జాన్సన్ అనే ఆయన రాయల్ సొసైటీ పత్రంలో రాశాడు. ఆ బుడగలు హైడ్రోజన్‌వి.

జింకు పూత షెడ్డులోనూ జరిగేది ఇదే. తుప్పు వదలడానికి బోల్టును ఆసిడ్ తొట్టెలో ముంచుతారు, తర్వాత కరెంటుతో పూత ఎక్కిస్తారు. రెండు చోట్లా హైడ్రోజన్ ఉక్కులోకి దూరుతుంది, పైన జింకు దాన్ని బయటికి పోనివ్వదు. నట్టు బిగించాక అది ఒత్తిడి ఎక్కువున్న చోటికి, తల కింది మెడకో, మొదటి మర అడుగుకో చేరుతుంది. కొన్ని గంటలకో రోజులకో తల ఊడి పడుతుంది. విరిగిన ముఖం పంచదార పలుకుల్లా మెరుస్తుంది, సాగిన జాడే ఉండదు. ఉక్కు ఎంత గట్టిదైతే ముప్పు అంత ఎక్కువ. అందుకే, బలాన్ని బట్టి బోల్టులకు ఇచ్చే అంకెల్లో 8.8 రకం తట్టుకుంటుంది, 12.9 తట్టుకోదు. మధ్యలోని 10.9 విషయంలో ఉక్కు గట్టిదనం కొలిచి చూడాల్సిందే.

పూత వేసిన కొన్ని గంటల్లోపే పొయ్యిలో సుమారు 200 డిగ్రీల వేడిలో గంటల తరబడి ఉంచితే హైడ్రోజన్ చాలావరకు వెళ్లిపోతుంది. కానీ తర్వాత తేమలో జింకు తుప్పుపట్టేటప్పుడు పుట్టి బయటి నుంచి వచ్చే హైడ్రోజన్‌ను ఆ పొయ్యి ఆపలేదు. 2013 మార్చిలో శాన్‌ఫ్రాన్సిస్కో బే వంతెన మీద గాల్వనైజ్ చేసిన 96 కడ్డీలను బిగిస్తే, రోజుల్లోనే 32 విరిగాయి. అవి అమర్చిన రంధ్రాల్లో నీరు ఏళ్ల తరబడి నిలిచి ఉంది. తేమ, జింకు, గట్టి ఉక్కు కలిసిన చోటల్లా ఈ ముప్పు ఉంటుంది, నౌపడకు చేరువలోని ఉద్దానం తీరంలో తేమకు కొదవే లేదు.

అయితే ఇలాంటి తీరంలో ఏ టవరు నిలబెట్టినా జింకు పూత తప్పదు. అందుకే టవర్లకు 5.6, 8.8 రకం గాల్వనైజ్డ్ బోల్టులే వాడతారు, అది తెలివైన పని. నాకు దిగులంతా టెక్కలి క్వారీల వైపు యంత్రాల గురించే. విరిగిన బోల్టు స్థానంలో అంతకన్నా గట్టిది, జింకు పూతతో మెరిసేది ఎంచుకోవడం మనిషికి సహజం. అక్కడ 12.9 అలెన్ బోల్టే కావాలంటే జింకు పూత లేని నల్లదే తీసుకుని గ్రీజు పూయాలి, లేదా ఆసిడ్, కరెంటు లేకుండా వేసే జింక్ ఫ్లేక్ పూతది అడిగి తెచ్చుకోవాలి.