పిల్లిపెసర పోయిన దారి

ద్రాక్షారామం భీమేశ్వరాలయంలో వందల శాసనాలున్నాయి. అఖండదీపాలకి గొర్రెల్నీ ఆవుల్నీ ఇచ్చినవాళ్ళ పేర్లు, భూములు రాసిచ్చినవాళ్ళ పేర్లు వాటిల్లో దొరుకుతాయి. ఆ భూములకి బలం ఎక్కణ్ణుంచి వచ్చేదో తెలియాలంటే మాత్రం శాసనాలు కాదు, రైతు ఏ నెలలో ఏం చల్లేవాడో చూడాలి.

డెల్టా చరిత్ర అనగానే మనం 1852, ధవళేశ్వరం ఆనకట్ట, కాటన్ దొర అంటాం. అది నీళ్ళ కథ. మట్టి కథ వేరే ఉంది. సార్వా వరి కోతకి కొద్ది రోజుల ముందు, చేలో తడి ఆరకుండానే, నిలబడ్డ పైరులో పిల్లిపెసరో మినుమో జనుమో చల్లేవాళ్ళు. కోతయ్యాక మిగిలిన పదునుతోనే అది పెరిగేది. పిల్లిపెసర పశువులు మేసినంత మేసేవి, మిగిలింది దుక్కిలో కలిసేది. రైతు దాన్ని ‘భూమికి సత్తువ’ అనేవాడు. ఆ సత్తువ గుట్టు 1886లో జర్మనీలో హెల్రీగెల్, విల్ఫార్త్ బయటపెట్టారు: పప్పుజాతి మొక్కల వేళ్ళకుండే బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని మొక్కకి అందిస్తాయి. రెండేళ్ళకి హాలండ్‌లో బైయరింక్ ఆ బాక్టీరియాని విడదీసి పెంచాడు. ఇవాళ దాన్ని రైజోబియం అంటున్నాం.

వరిచేలో నీళ్ళమీద తేలే పాచికీ ఇలాంటి కథే ఉంది. ఎరువు వెయ్యకపోయినా వరి మడి ఏటా ఎంతో కొంత ఎలా పండుతుందన్న ప్రశ్నకి, ఆ నత్రజనిలో ముఖ్యభాగం నీలి ఆకుపచ్చ నాచుదేనని ఢాకాలో పనిచేసిన పి.కె. డే 1939లో జవాబిచ్చాడు. మనవాళ్ళు దాన్ని పాచి అని తీసిపారేశారు!

తర్వాత దాళ్వా బలపడింది. కాలవ నీళ్ళు రెండో వరికి అందినచోట పిల్లిపెసరకి నేల ఖాళీ లేకుండాపోయింది. పైగా యూరియా వచ్చింది. నత్రజని చేతికందుతున్నప్పుడు పప్పుజాతి మొక్క బుడిపెలు కట్టడం తగ్గించేస్తుంది, ఊరికే అన్నం పెడుతుంటే పనికెవరు పోతారు? ఇక మిగిలింది సార్వాకి ముందు వేసే జీలుగ. పూతకొచ్చాక, అంటే దాదాపు యాభై రోజులకి, దాన్ని దున్నాలి. వేసవిలో కట్టేసిన కాలవలు వదిలేసరికి నారుమడి తొందర మొదలవుతుంది. ఆ యాభై రోజులు ఎక్కడివి?

చేలోంచి పోయిన సూక్ష్మజీవులే ఇప్పుడు 200 గ్రాముల పాకెట్లలో దొరుకుతున్నాయి. విత్తనాలకి బెల్లం నీళ్ళతో పట్టించి నీడన ఆరబెట్టాలి. అవి ప్రాణమున్న సరుకు, మే నెల ఎండకి కాగే రేకుల కొట్లో ఎన్నాళ్ళు బతుకుతాయి?

2016 నుంచి రాష్ట్ర ప్రభుత్వం ప్రకృతి సేద్యం పేరుతో జీవామృతాన్ని ప్రచారం చేస్తోంది. ఎకరానికి 10 కిలోల పేడ, ఆవు మూత్రం, బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గట్టుమీది గుప్పెడు మట్టి. ఇంజినీరు బుద్ధి కొద్దీ లెక్కేశాను: ఈ డ్రమ్ములో నత్రజని కిలో కూడా రాదు, యూరియా బస్తాలో 20 కిలోలు ఉంటుంది. కాబట్టి జీవామృతాన్ని ఎరువుగా అమ్మడం నాకు నచ్చదు. అదే కార్యక్రమంలో తొలకరికి ముందు నవధాన్యాలు చల్లమంటున్నారు. నాకు అసలు విషయం అందులో కనిపిస్తుంది, అది పిల్లిపెసర పోగొట్టుకున్న ఖాళీని మళ్ళీ అడుగుతోంది.

అయితే డెల్టాలో చాలా చేలు కౌలువి. ఈ ఏడు కలియదున్నిన పచ్చిరొట్ట బలం పూర్తిగా తేలడానికి ఏళ్ళు పడుతుంది. కౌలు మాట మాత్రం ఏడాదికే. వచ్చే సార్వాకి ఆ చేను ఎవరి చేతిలో ఉంటుందో తెలియని రైతుని జీలుగ చల్లమని అడిగేముందు, కౌలు కాగితంమీద మూడేళ్ళని రాయగలరా అని భూమిగలాయన్ని అడగాలి.