మా నవ్వుల హాజరు పట్టీ

పదో తరగతి బ్యాచ్ అనేది మా దిక్కు ఇప్పుడొక కొత్త కులం లెక్క తయారైంది. ఎండాకాలం సెలవులొచ్చినా, దసరా వచ్చినా బీర్కూర్, బాన్సువాడ, వర్ని, కోటగిరి యాడ చూసినా ఫంక్షన్ హాలు ముందట ఒక ఫ్లెక్సీ కనబడతది. 'పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనం' అని రాసి, కింద అందరి ఫోటోలు వరుసగా పెడతరు. పాత సార్లను పిలిచి శాలువలు కప్పుతరు. చచ్చిపోయినోళ్ల పేర్లు చదివి రెండు నిమిషాలు మౌనం పాటిస్తరు. తర్వాత బగార అన్నం, మటను. తిన్నంక మైకు. మైకు దొరికితే ఇగ అందరు పిల్లలే. ఎవడు గోడ దుంకిండు, ఎవడు ఎవరికి చిట్టీ రాసిండు, ఏ సారు చేతిల ఎవని వీపు పలిగింది అని చెప్పుకుంట కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్వుతరు. నేను ఈ నవ్వుకు వ్యతిరేకిని కాదు. నేను కూడా నవ్విన. కాని నవ్వుకు కూడా చరిత్ర ఉంటది. ఆ చరిత్రల ఎవరు కూచున్నరు, ఎవరు నిలబడ్డరు, ఎవరు అసలే లేరు అన్నది మనం రాసుకోకపోతే ఇంకొకలు రాయరు.

ముందు లేనోళ్ల సంగతి. ఆరో తరగతిల మా మాదిగవాడ, మాలవాడ కలిపి పదకొండు మందిమి చేరినం. 2004 మార్చిల పదో తరగతి పరీక్ష రాసింది నలుగురం. ఫ్లెక్సీ మీద ఆ నలుగురి ఫోటోలే ఉన్నయి. తక్కిన ఏడుగురు మా బ్యాచ్ కిందికి రారట. బ్యాచ్ అంటే పరీక్ష దాక వచ్చినోళ్లు. పరీక్ష దాక ఎందుకు రాలేదు అని అడిగితే అది సమ్మేళనం కాదు, పంచాయితీ అయితది.

మా బాపుకైతే బ్యాచే లేదు. పదేండ్లకు జీతానికి కుదిరిండు. ఉగాదికి ఉగాదికి లెక్క. బాపు దోస్తులంతా మంజీర ఇసుకల బర్లు కాసిన జీతగాండ్లు. ఇప్పటికీ ఆ నలుగురు ముసలోళ్లు వేపచెట్టు కింద కూడితే, పటేల్ ఎట్ల నడిచేటోడు, బర్రె తప్పిపోతే ఎట్ల మొత్తుకునేటోడు అని లేచి నిలబడి అచ్చంగా చేసి చూపిస్తరు. బాపు కడుపు పట్టుకొని నవ్వంగ నేను చూసింది ఆడనే. ఇంట్ల నవ్వడు. వాళ్లకు ఫ్లెక్సీ లేదు, ఫోటో లేదు. అసలు ఆ వయసుల దిగిన ఫోటో ఒక్కటి కూడా ఎవని దగ్గర లేదు.

1976ల వెట్టిచాకిరి వ్యవస్థ రద్దు చట్టం వచ్చింది. చట్టం వచ్చిన ముచ్చట మా ఊరి పాకలకు తెలిసేవరకు ఎన్ని ఉగాదులు పోయినయో బాపుకు కూడా లెక్క లేదు. సాంఘిక సంక్షేమ శాఖల ఎస్.ఆర్. శంకరన్ అసొంటి అధికారి కూచొని జీతగాండ్ల విడుదలకు, మన పిల్లల హాస్టళ్లకు పట్టుబట్టకపోతే నేను కూడా బర్ల ఎనకనే ఉందును. 2010ల ఆయన చనిపోయినప్పుడు మా హాస్టల్ దోస్తు ఒకడు ఫోన్ చేసి, 'మన వార్డెన్ల వార్డెన్ పోయిండురా' అన్నడు. నవ్వు మాటే. ఆ మాట అని చాలాసేపు ఏం మాట్లాడలే.

ఇంకా ఎనకకు పోతే పేర్ల కాడికి పోవాలె. 1910ల హైదరాబాద్ ఇసామియా బజారుల భాగ్యరెడ్డి వర్మ మన పిల్లలకు బడి తెరిచిండు. ఆయనకు ఇంట్ల పెట్టిన పేరు మాదరి భాగయ్య. ముందు పేరు మారింది, తర్వాత జాతి పేరే మారాలె అన్నడు. అంటరానోళ్లు, పంచములు అనే పేర్లు మాకొద్దు, మేము ఆది హిందువులం అని కొట్లాడితే 1931 జనాభా లెక్కలల్ల నిజాం సర్కారు అట్లనే రాసింది. పట్నంల అట్ల జరిగింది. ఆ గాలి మంజీర ఒడ్డుకు చేరనీకె ఇంకా రెండు తరాలు పట్టింది.

మా ఊర్లల్ల పాత పహాణీలు తీస్తే 'ఫలానా వల్ద్ ఫలానా' అని ఉంటది. పట్టా ఉన్నోనికి తండ్రి పేరుతోని సహా అంత మర్యాద. భూమి లేనోనికి కాయితమే లేదు, ఇగ పేరెక్కడిది? నోటి మీద మల్లయ్య మల్లిగాడు, ఎల్లవ్వ ఎల్లి. నిజామాబాద్, కామారెడ్డి జిల్లాలల్ల నీరడి అనే ఇంటిపేరు మన వాడలల్ల చానమందికి ఉంటది. చెరువు కింద మడులకు నీళ్లు తిప్పే పని నీరడిది. ఊరందరి మడికి నీళ్లు పారిచ్చినోడు ఊరి బాయిల చేద ముంచొద్దు. బడిల హాజరు పిలిచేటప్పుడు ఇంటిపేరే ముందు పలికేది. పేరు దాక పోకముందే వాడు ఏ వాడ నుంచి వచ్చిండో తరగతంతకు తెలిసిపోయేది.

మా తరగతిల ఇంకో తీరు పిల్లలు కూడా ఉండిరి. వాళ్లు క్యాంపు పిల్లలు. 1923ల మొదలుపెట్టి 1931ల పూర్తి చేసిన నిజాంసాగర్ మా మంజీర మీదనే ఉంది. కాల్వ నీళ్లొచ్చినంక కోస్తా జిల్లాలకెల్లి రైతులు వచ్చి భూములు కొని, క్యాంపులు కట్టుకొని వరి పండిచ్చిరి. నాట్లేసింది మా అవ్వలే అనుకోండి, అది వేరే కథ. ఆ క్యాంపు పిల్లలు 'ఏంటండీ' అంటే మేం నవ్వేది. మేం 'గట్ల గాదు' అంటే వాళ్లు పడి పడి నవ్వేది. పాఠం పుస్తకం వాళ్ల భాషలనే ఉండేది కాబట్టి చివరికి మా నవ్వే ఓడిపోయేది. పటేల్ కొడుకు, నేను ఇద్దరం ఒక్కటై ఓడిపోయినం. నా బడి చదువుల మేమిద్దరం ఒక్క పక్కన నిలబడ్డది అదొక్కటే.

2014 జూన్ 2 తర్వాత ఆ ఎక్కిరింపు బందయింది. మొన్నటి సమ్మేళనంల క్యాంపు దోస్తు మైకు పట్టుకొని 'అందరు మంచిగున్నరా' అని మొదలుపెట్టిండు. హాలంత చప్పట్లు కొట్టినం. రాష్ట్రం వస్తే భాష మీది ఎక్కిరింపు పోయింది. మరి మా మీది ఎక్కిరింపు పోనీకె ఏం రావాలె?

బడిల అందరికి పెట్టుడు పేర్లుండె. అద్దాలోడు సోడాబుడ్డి. పొడుగోడు తాటిచెట్టు. లావున్నోడు బొండం. ఇవి ఒంటిని బట్టి వచ్చిన పేర్లు, ఇందుల కులం లేదు. సోడాబుడ్డి అంటే సోడాబుడ్డే నవ్వేటోడు. పటేల్ కొడుక్కు మాత్రం పెట్టుడు పేరు లేదు. పన్నెండేండ్ల పోరన్ని అందరు 'దొర' అనేది. అది పెట్టుడు పేరని వానికి కూడా తెల్వదు. నా పేరు 'డప్పు'. నేను డప్పు ఏనాడు పట్టలే. బాపు కొట్టిండు, తాత కొట్టిండు. పెండ్లికి, చావుకు, చాటింపుకు, బోనాలకు కొట్టిండ్రు. పిలిస్తే పోవాలె, గింజలు కల్లం కాడ ఇస్తరు, ఇచ్చినన్ని తీసుకోవాలె.

అదే డప్పు 2002ల కామారెడ్డిల మొదలైన ధూంధాం స్టేజీ మీద మోగితే అందరు చిందేసిరి. అంతకంటె ముందే, 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిల దండోరా పుట్టినంక మనోళ్లు పేరు చివర మాదిగ అని రాసుకునుడు షురువైంది. మా పెద్దబాపు కొడుకు ఇంటి గోడ మీద సున్నంతోని పెద్దగ రాసిండు. మా అవ్వ భయపడి 'తుడుపురా కొడుకా' అన్నది. వాడు తుడువలే. అందరు తిట్టుకు వాడుకునే మాట వాని గోడ మీద పేరయి కూచున్నది. నేనప్పుడు చిన్నోన్ని. తరగతిల 'డప్పు' అని పిలిచినప్పుడల్ల నాకు ఆ గోడ యాదికొచ్చేది.

మాకు మేం నవ్వుకున్న నవ్వులు వేరే ఉన్నయి. అవి మైకు దాక రావు. 1995 ఆగస్టు 15 నుంచి కేంద్ర సర్కారు ప్రాథమిక బడి పిల్లలకు నెలకు మూడు కిలోల బియ్యం పథకం పెట్టింది. హాజరు నూటికి ఎనభై ఉండాలె. ఇగ చూస్కో, జరమొచ్చినా అవ్వ దుప్పటి కప్పి మరీ బడికి తోలేది. 'హాజర్ సార్' అని చెప్పి ఆడనే పండుకునేది. సారు పాఠం చెప్తుంటే మా వాడోడు ఒకడు చెవుల చెప్పేది: 'లేవకురా, ఇయ్యాల్టి గింజలు వచ్చినయి.' హాస్టల్‌కు పోయినంక ఇంకో శాస్త్రం నేర్చుకున్నం. పప్పుల పప్పు గింజ ఎవనికి దొరికితే వానిది ఆనాడు మొదటి బ్యాటింగు. నెలకు రెండు మూడు సార్లే ఆట జరిగేది. 2015 జనవరిల హాస్టళ్లకు సన్నబియ్యం ఇస్తున్నరని తెలిసిననాడు, ఆ బ్యాటింగోడే ఫోన్ చేసి 'మనం పుట్టుడు తొందరైందిరా' అన్నడు. ఇసొంటి మాటలతోనే మేం ఇన్నేండ్లు ఒకని చెయ్యి ఒకడు ఇడవలే. ఆకలి గురించి ఏడ్సుకుంట మాట్లాడితే ఏ దోస్తానా ఇరవై ఏండ్లు నిలవడదు.

ఇగ 2024 సమ్మేళనం. ఓట్లయినంక మే నెలల పెట్టిరి. 'దొర' మైకు తీసుకున్నడు. మంచోడే, హాలు కిరాయి ఎక్కువ వాటా వాడే పెట్టుకున్నడు. మాట్లాడుకుంట మాట్లాడుకుంట, 'మా డప్పుగాడు ఇయ్యాల పంతులైండు, రారా డప్పూ, ఒక దెబ్బ ఏసిపో' అన్నడు. హాలు నవ్వింది. శాలువలు కప్పుకున్న సార్లు కూడా నవ్విరి. నేను పోయి మైకు తీసుకున్న. 'అవురా, మీ అక్క పెండ్లికి మా బాపే కొట్టిండు. గింజలు కల్లం కాడ ఇస్తమన్నరు. ఇరవై రెండేండ్లయింది. ఏ కల్లమో చెప్పు, సంచి తెచ్చుకుంట' అన్న.

ముందుగాల ఆడోళ్ల కుర్చీలకెల్లి ఒక నవ్వు వచ్చింది. తర్వాత క్యాంపు దోస్తు. తర్వాత హాలంత. కాని ఈ నవ్వు ముందటి నవ్వు కాదు. కొందరు నవ్వి, మధ్యల ఆపి, ఒకల మొకం ఒకలు చూసుకున్నరు. రెండు రోజులకు దొర ఫోన్ చేసిండు. 'దిల్‌కు తీసుకోకురా, సరదాకు అన్న.' నేను చెప్పిన, 'నేను కూడా సరదాకే అన్న. గింజలే సరదా కాదు.' అప్పటి నుంచి పేరు పెట్టి పిలుస్తున్నడు. సంచి ఇంకా ఖాళీగనే ఉంది.

ముందుగాల నవ్వినామె ఎవరో నాకు ఎరుకే. మా వాడ పిల్లనే. మా ఆడపిల్లలల్ల పది దాక వచ్చింది ఆమె ఒక్కతే. తక్కినోళ్లు ఏడో తరగతికే చాటల తునికాకు పెట్టుకొని బీడీలకు కూచున్నరు. ఈమె తల్లి జోగిని. పరీక్ష ఫారం నింపేనాడు 'తండ్రి పేరు?' అని అడిగితే తరగతిల ఎనక బెంచీలకెల్లి కిసకిస నవ్వు లేచింది. ఆ నవ్వు గురించి ఏ సమ్మేళనంల, ఏ మైకుల ఎవరు యాది చేసుకోరు. 1988ల జోగిని ఆచారాన్ని నిషేధిస్తూ చట్టమొచ్చింది. మా పక్క వర్నిల హేమలతా లవణం జోగినుల కోసం, వాళ్ల పిల్లల కోసం ఏండ్లకేండ్లు పనిచేసింది. చట్టం తల్లిని గుర్తువట్టింది గాని ఫారంల గడి తండ్రిదే. దసరానాడు ఆమె మా ఇంటికొచ్చి జమ్మి చేతుల పెట్టి అంటది: 'మీరంత పాపం ఒక్క నాయిన పేరుతోనే సరిపెట్టుకుంటిరి.' మా అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటది. ఆమె మాత్రం మొకం మీద ఏం కనబడనీయదు.

మా ఏడుగురిల ఒకడు మస్కట్‌ల ఉన్నడు. ఏడో తరగతి పబ్లిక్‌ల తప్పిండు, ముంబైల కొన్నేండ్లు కూలి చేసిండు, అప్పు చేసి వీసా తీసుకున్నడు. మా దిక్కు ప్రతి వాడకు గల్ఫ్‌ల ఒక ముక్క ఉంటది. సమ్మేళనం ఫోటోలు వానికి నేనే పంపిన. రాత్రి ఫోన్ చేసి ఒక్కొక్క మొకం గుర్తుపట్టిండు. 'సోడాబుడ్డికి జుట్టు పోయింది. తాటిచెట్టు వంగింది. నా ఫోటో ఏదిరా?' అన్నడు. ఇది పదో తరగతి బ్యాచ్‌రా అన్న.

'అయితే మాది వేరే బ్యాచ్. ఏడో తరగతి ఫెయిల్, 2001. అధ్యక్షుడు నేనే, కార్యదర్శి నేనే, సభ్యుడు నేనే. ప్రతి శుక్రారం రూముల బట్టలుతుక్కుంట సమ్మేళనం పెట్టుకుంటున్న. శాలువ లేదు గాని తువ్వాల ఉంది. వచ్చే శుక్రారం నువ్వు ముఖ్య అతిథివి, టైముకు ఫోన్ ఎత్తు' అన్నడు.